అత్త బోణీ చేసిన స్కానింగు

మొన్నొక ఉదయం పలాసలో స్కానింగు సెంటరుకి వెళ్ళాను. ఎండ ఎక్కితే జీడిపప్పు కొట్ల బజారులో ఆటోల మధ్య నలిగి ఇల్లు చేరాల్సి వస్తుందని భయపడి, తలుపులు తీసేసరికే గుమ్మంలో కూర్చున్నాను కాబట్టి, కౌంటరు దగ్గరి అమ్మాయి నా పేరు చూసుకుని, “ఇయ్యాల బోణీ మీదేనండి మేడమ్, లోపలికి ఎల్లండి” అని నవ్వింది. ఆ పిల్ల మామూలుగా అన్న మాటే. నేను మాత్రం లేచినదాన్ని లేచినట్టే ఆగిపోయి, మందస నుంచి వచ్చి పక్కన కూర్చున్న పెద్దాయనకి దారి ఇచ్చి, నాకేం తొందర లేదని అబద్ధమాడి మళ్ళీ కుర్చీలో కూలబడ్డాను. ఆయన నాకు దండం పెట్టి మరీ లోపలికి వెళ్ళాడు. ఆ యంత్రాల్లో ఒకప్పుడు జరిగిన పొరపాటు ఇక జరగదని నాకు తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదేమో, అయినా స్కానింగుకి మొదటి మనిషిగా వెళ్ళడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా నా కాళ్ళు ఒప్పుకోవు.

నా ఈడువాళ్ళు, అందులోనూ ఉద్దానం నేలమీద పుట్టినవాళ్ళు, స్కానింగంటే భయమెందుకని అడగరు. బయటివాళ్ళకి మా ప్రాంతమంటే కొబ్బరితోటలు, జీడితోటలు, పనసపళ్ళు, వాటి మీదుగా వచ్చే సముద్రపు గాలి. మాకు అవన్నీ ఉన్నాయి, వాటితోపాటు కిడ్నీ జబ్బు కూడా ఉంది. అది ఎందుకొస్తుందో తెలుసుకోవడానికి మా నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, మేం తినే తిండి గురించి ఆరాలు తీశారు, ఇదీ కారణమని మావాళ్ళకి నచ్చేలా ఎవరూ చెప్పలేకపోయారు. ఒక మనిషి కొన్నాళ్ళు వీధిలో కనబడకపోతే మావాళ్ళు ఏ ఊరెళ్ళాడని అడగరు, ఏ ఆసుపత్రిలో ఉన్నాడని అడుగుతారు. అందుకే మా దగ్గర చెడ్డ రిపోర్టుని ఎవరూ అనుమానించరు. మంచి రిపోర్టు వస్తే నమ్మకం చాలక పదిమంది చేత చదివించుకుంటారు గానీ, చెడ్డది వస్తే మాట్లాడకుండా మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేస్తారు. మా ఇంట్లో జరిగిందంతా ఆ అలవాటు వల్లే అంత దూరం వెళ్ళింది.

ఆ రోజుల్లో నేను విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. కడుపు స్కాన్ చేసే యంత్రాలని, విడిభాగాలు తెప్పించి, బిగించి, అమ్మేవాళ్ళు. మనిషి కడుపులోంచి వచ్చిన బొమ్మని తెరమీద చూపించడానికి, దాచిపెట్టడానికి ఆ యంత్రంలో గ్రాఫిక్స్ కార్డు అని ఒకటుంటుంది, దానికి సొంతంగా మెమరీ ఉంటుంది. ఆ కార్డుచేత పని చేయించే ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. నా పని దానిమీద. ఈ సంగతి మా మేనత్త భర్తకి, అంటే మా మావకి, ఒకసారి ఓపిగ్గా వివరించి నా పరువు నేనే తీసుకున్నాను. అప్పట్నుంచి నేను ఊళ్ళో దిగితే చాలు, “ఏటి డ్రైవరమ్మా, ఇయ్యాల బస్సు తెచ్చినావా, లారీ తెచ్చినావా?” అని వీధంతా వినబడేలా పలకరించేవాడు. అత్త ఆయన్ని కసిరేది. వాళ్ళకి పిల్లలు లేరు. మా నాన్న పొలం పక్కనే వాళ్ళ జీడితోట, నా చిన్నప్పటి సెలవులు సగం ఆ తోటలోనే గడిచాయి.

ఇక్కడ కాస్త నా పని సంగతి చెప్పక తప్పదు, విసుక్కోకండి. కంప్యూటరులో ఒక అంకె ఉంచాలంటే దానికి ఎంత చోటు కావాలో ముందుగా మనమే చెప్పాలి. ముప్పై రెండు బిట్ల చోటిస్తే నాలుగు జీబీల మెమరీ దాకా లెక్క సరిపోతుంది. ఆ పైన ఇంకొంచెం కలిపితే ఆ అంకె పెరగదు, మొరాయించదు, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ సున్నా అయిపోయి మొదట్నుంచి మొదలవుతుంది. పాత స్కూటర్ల మీద కిలోమీటర్ల అంకెలన్నీ తొమ్మిదులయ్యాక సున్నాలు పడేవి చూశారూ, అచ్చం అలాగే. మా డ్రైవర్‌లో ప్రతి బొమ్మా కార్డు మెమరీలో ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకె అలాంటి ముప్పై రెండు బిట్ల చోట్లో ఉండేది. దాన్ని రాసింది మా సీనియరు గారు. ఆయన మంచివారు, పనిమంతులు, కాకపోతే తను ఒకసారి ఆలోచించి వదిలేసిన విషయం గురించి ఇంకొకరు ఆలోచిస్తే ఓర్చుకోలేరు. మొదట్లో ఆ అంకెలో మైనస్ గుర్తుకి కూడా చోటుండేదట. మెమరీ కొలత మైనస్‌లో ఎక్కడైనా ఉంటుందా అని దాన్ని తీసేసి, లెక్క అందే దూరం రెట్టింపు చేశానని, ఇక తన రిటైర్మెంటు దాకా దాని జోలికి పోనక్కర్లేదని సంబరంగా చెప్పుకునేవారు.

నేను ఊరుకునే రకం కాదు. అరవై నాలుగు బిట్లు ఇచ్చేద్దాం, పీడా వదిలిపోతుంది అన్నాను. ఆయన కొంత దిగివచ్చి, మెమరీ కొలతల కోసమే మన ప్రోగ్రాము భాషలో ఒక రకం అంకె ఉంది కదా, అది వాడుకుందాం అన్నారు. ఆ రకం కంప్యూటరుని బట్టి మారేది. మా యంత్రంలో పెట్టిన కంప్యూటరు ముప్పై రెండు బిట్లది, అందుకని ఆ రకమూ ముప్పై రెండే అయి కూర్చుంటుంది. కంప్యూటరు చిన్నదైనంత మాత్రాన అందులో బిగించిన కార్డు కూడా చిన్నదే అవ్వాలని ఎక్కడుంది, కార్డు మెమరీని కంప్యూటరు కొలతతో ఎందుకు కొలవాలి అని నా వాదన. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, అంత పెద్ద కార్డు కొనే స్తోమత మన ఓనరుకి ఎప్పుడొస్తుందమ్మా అని నవ్వేసేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

తీరా ఓనరుకి ఆ స్తోమత వచ్చింది. ఉద్దానంలో పెద్ద స్కానింగు క్యాంపు పెట్టించే దాతలెవరో మా యంత్రం కావాలన్నారు. రోజంతా జనం వస్తూనే ఉంటారు, మధ్యలో యంత్రం ఆపడానికి వీల్లేదు, ఒక్కొక్కరివి కదిలే బొమ్మలతో సహా సాయంత్రం దాకా కార్డులోనే ఉంచి, డాక్టరు గారు వచ్చాక అన్నీ ఒక్కసారే ప్రింట్లు తీయాలి. అందుకోసం పెద్ద మెమరీ ఉన్న కార్డు తెప్పించారు. నా పోరు పడలేక సీనియరు గారు కార్డు నిండేదాకా ఒకసారి పరీక్ష చేద్దామని ఒప్పుకున్నారు. ఆఫీసులో టీలు తెచ్చే అటెండరు బక్కపలచని మనిషి, కొవ్వు లేని కడుపులో బొమ్మ స్పష్టంగా వస్తుందని మా పరీక్షలన్నిటికీ ఆయన్నే పడుకోబెట్టేవాళ్ళం. ఆ రోజూ ఆయన్నే పడుకోబెట్టి, లేపి, మళ్ళీ పడుకోబెట్టి, పాపం ఆయన విసిగి వేసారేదాకా స్కాన్ చేశాం. చివర్లో మొట్టమొదటి బొమ్మ తెరిచి చూస్తే చక్కగా ఉంది. సీనియరు గారు నావైపు చూసి తాపీగా టీ తాగారు. నిజానికి ఆ మొదటి బొమ్మ అప్పటికే చెరిగిపోయింది. అంకె సున్నాకి తిరిగి, ఆఖర్న తీసిన బొమ్మ వెళ్ళి మొదటి బొమ్మ చోట్లో కూర్చుంది. రెండూ ఒకే మనిషి కడుపైనప్పుడు తేడా ఎవరికి తెలుస్తుంది?

క్యాంపు సముద్రం ఒడ్డున తుఫాను షెల్టరు భవనంలో జరిగింది. నాకు సెలవు దొరక్క వెళ్ళలేదు, అక్కడి సంగతులన్నీ తర్వాత అత్త నోట విన్నవే. పొద్దున్నే జనం పోగయ్యారు గానీ ముందు పడుకోవడానికి ఎవరూ కదల్లేదట. మా వైపు కొట్టు తెరిచినా, జీడిగింజల తూకం మొదలుపెట్టినా, మొదటి చెయ్యి మంచిది పడాలని చూస్తారు. జబ్బు మనిషి ముందు పడుకుంటే ఆ పూటంతా యంత్రం జబ్బే చూపిస్తుందని ఎవరో అన్నారు, కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అప్పుడు అందరి చూపూ అత్తమీద పడింది. తలనొప్పి అన్న మాట కూడా ఆవిడ నోట ఎవరూ విని ఎరగరు. “నాకేటి రోగం? బోణీకి నాను తొంగుంతాను, నా యెనక మీరందరూ రండి” అని చెప్పులు విడిచి లోపలికి నడిచింది. ఆవిడ అసలు ఉద్దేశం వేరే. మావకి కొన్నాళ్ళుగా పాదాలు వాస్తున్నాయి, అడిగితే తోటలో నిలబడి నిలబడి అలా అయ్యాయని దాటేస్తున్నాడు. తను ముందు పడుకుంటే సిగ్గుపడైనా వెనకాలే వస్తాడని ఆవిడ ఎత్తు. మావ రెండోవాడిగా పడుకున్నాడు.

సాయంత్రం నాకు ఫోను వచ్చింది. “కోడలా, నాకొచ్చీసిందే” అంది అత్త. ఏమిటి వచ్చిందని నేను అడగలేదు, ఉద్దానం ఆడపిల్లని కదా. ఏడుపు లేదు, గొంతులో వణుకు లేదు, ఎన్నాళ్ళనుంచో వస్తానని కబురు పెట్టిన చుట్టం ఇవాళ దిగాడని చెప్పినట్టు చెప్పింది. కిడ్నీలు రెండూ కుంచించుకుపోయాయని డాక్టరు గారు చెప్పారట. మావవి మాత్రం నిక్షేపంలా ఉన్నాయట. మావ తన రిపోర్టుని ఊళ్ళో చదువుకున్నవాళ్ళందరి చేతా చదివించుకున్నాడు. అత్త తనది మడిచి బియ్యం డబ్బా వెనక పెట్టేసింది.

కొన్ని వారాలకి నాకు సెలవు దొరికి పలాస స్టేషన్లో దిగి ఊరెళ్ళాను. నేరుగా అత్త ఇంటికే వెళ్ళాను. అత్త చిక్కి సగమై నులకమంచం మీద కూర్చుని ఉంది. ఉప్పు మానేసింది, పప్పు మానేసింది, తోటకి వెళ్ళడం మానేసింది, తన చీరలు ఎవరెవరికి ఇవ్వాలో మా అమ్మకి అప్పగింతలు పెట్టింది. మావ వంట చేస్తున్నాడు. నీళ్ళు మోస్తున్నాడు, గిన్నెలు తోముతున్నాడు, మధ్యమధ్య అత్తని నవ్వించాలని నన్ను చూపించి డ్రైవరమ్మ మీద హాస్యాలాడుతున్నాడు. ఆయన గడపలో కూర్చుని చెప్పులు విప్పినప్పుడు పాదాల మీద పట్టీల గుర్తులు లోతుగా దిగబడి ఉన్నాయి. జేబులోంచి కీళ్ళనొప్పుల మాత్ర తీసి నీళ్ళతో మింగాడు. ఆ మాత్రలు కిడ్నీలకి మంచివి కావని, స్కానింగు అయ్యేదాకా ముట్టుకోవద్దని అత్త గట్టిగా ఆపిందట. ఇప్పుడు భయమేముంది, ఇంటిపనంతా నామీదే పడింది, మోకాళ్ళు లేవట్లేదు, రోజూ వేసుకుంటున్నాను అన్నాడు.

నేను బియ్యం డబ్బా వెనకనుంచి అత్త రిపోర్టు తీశాను. నేను డాక్టర్ని కాదు, కిడ్నీ ఎలా ఉంటే మంచిదో నాకు తెలియదు. కానీ ఆ కాగితం మీద కిడ్నీల కింద మూత్రపు సంచి బొమ్మ కూడా ఉంది, దాని అడుగున చిన్న గుండ్రటి ముద్ద ఉంది. మా అటెండరు కడుపు నెలల తరబడి తెరమీద చూసి చూసి ఆ ముద్ద నాకు బాగా పరిచయం. ఒకసారి అదేమిటని అడిగితే సీనియరు గారు మొహమాటపడుతూ, అది ప్రోస్టేట్, మగవాళ్ళకే ఉంటుందమ్మా అన్నారు. క్యాంపు హడావిడిలో డాక్టరు గారు కిడ్నీల మీదే చూపు పెట్టి, కింది భాగం జోలికి పోయినట్టు లేదు. మా అత్త పేరు కింద ఎవరో మగమనిషి కడుపు ఉంది.

మొదట నాకు సంతోషమే వేసింది, దాచుకోవడమెందుకు. అత్తకి ఏమీ లేదని అరవబోయాను. అంతలో ఆ అంకె ఎలా సున్నాకి తిరిగి ఉంటుందో నా కళ్ళముందు కదిలింది. మధ్యాహ్నం దాటాక కార్డు నిండి, కొత్తవాళ్ళ బొమ్మలు మొదట వచ్చినవాళ్ళ బొమ్మల మీద పడుతూ వచ్చాయి. పేర్లు వేరేచోట ఉంటాయి కాబట్టి అవి చెక్కుచెదరలేదు. అత్త బొమ్మ పోయిందంటే ఆవిడ తర్వాతి బొమ్మ కూడా పోయే ఉంటుంది. ఆ తర్వాతి మనిషి నా ఎదురుగా కూర్చుని, నీళ్ళ చెంబు పక్కన పెట్టి, మూతి తుడుచుకుంటున్నాడు. ఆయన జేబులో మడతపెట్టుకు తిరుగుతున్న ఆ మంచి రిపోర్టు ఎవరిదో.

యంత్రంలో ఏదో లోపముంది, ఇద్దరూ మళ్ళీ చేయించుకోవాలి అని మాత్రమే చెప్పాను. మాత్రలు నా సంచిలో వేసుకున్నాను. “మీ అత్తకి బాగుంతే సాలు, నాకెందుకే డ్రైవరమ్మా మల్లీ డబ్బు దండగ” అని మావ మొండికేశాడు, అత్త కోసం తోడు రమ్మంటే బయల్దేరాడు. టెక్కలిలో వేరే స్కానింగు సెంటరుకి వెళ్ళాం. అక్కడా అత్తే ముందు వెళ్ళింది. ఆవిడకి ఏ లోపమూ లేదన్నారు. బయటికొచ్చి నన్ను వాటేసుకుని, అన్ని రోజుల ఏడుపూ అప్పుడు ఏడ్చింది. తర్వాత మావ లోపలికి వెళ్ళాడు. ఆయన్ని చాలాసేపు బయటికి పంపలేదు. తలుపు తీసి ముందు నన్ను పిలిచారు, అప్పుడే అత్తకి అర్థమైపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మావ కిటికీ పక్కన కూర్చుని తోటలు చూస్తున్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుని, ఆయనకి వినబడకుండా, “ఆ బొమ్మ నాదే అనుకొని ఉండిపోదును కదే. ఎందుకు సూసినావే కోడలా?” అంది. చూశాను కాబట్టే మాత్రలు ఆగాయి, మందులు మొదలయ్యాయి, ఆయన ఇంకొన్నేళ్ళు బతికాడు. డాక్టర్లూ అదే అన్నారు. నేను చేసింది సరైన పనేనని నాకు తెలుసు.

ఫోనులో విషయం చెప్పగానే సీనియరు గారు క్యాంపుకి పొద్దున వచ్చినవాళ్ళ పేర్లన్నీ రాసుకున్నారు. మర్నాడే పలాసలో రైలు దిగారు. ఆటో మాట్లాడుకుని, వాళ్ళ ఇంటింటికీ మేమిద్దరం వెళ్ళి మళ్ళీ స్కానింగు చేయించుకోమని బతిమాలాం. చెడ్డ రిపోర్టు వచ్చినవాళ్ళు ఆశగా బయల్దేరారు. మంచి రిపోర్టు వచ్చినవాళ్ళ మొహాలు మాత్రం నేను మర్చిపోలేను, కొందరు తలుపే తీయలేదు. డ్రైవర్‌లో చేయాల్సిన మార్పు చూస్తే చాలా చిన్నది. ఆ అంకెకి అరవై నాలుగు బిట్లు ఇవ్వడం, లెక్క ఎక్కడెక్కడ జరుగుతుందో అక్కడల్లా అదే రకం పెట్టడం. విశాఖపట్నం తిరిగొచ్చాక ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, నా చేతే మార్పించారు. ఒక్కసారి కూడా నవ్వలేదు.

అత్త పేరు కింద పడిన బొమ్మ భావనపాడులో ఎండుచేపల వ్యాపారం చేసే ఒకాయనది. ఆయన రిపోర్టు ఆయనకి సరిగ్గానే అందింది, నిజంగానే కిడ్నీలు పాడయ్యాయి. ఆ సంగతి తెలిశాక అత్త కొబ్బరికాయలు మూటగట్టుకుని, బస్సెక్కి, ముక్కూ మొహం తెలియని ఆ మనిషిని చూడ్డానికి వెళ్ళింది. ఎందుకని అమ్మ అడిగితే, ఆయన జబ్బు అన్ని రోజులు తను మోసింది కదా, చూడకపోతే ఎలా అంది. తర్వాత కొన్నేళ్ళు మావని టెక్కలిలో డయాలసిస్‌కి తీసుకెళ్ళినప్పుడల్లా అక్కడ ఆయన కూడా కనిపించేవాడట. చివరి రోజుల్లో మావ గొంతు బాగా సన్నబడిపోయింది. నేను మంచం పక్కన కూర్చుంటే, బస్సా లారీయా అని అడగబోయి, అంత మాట పూర్తి చేసే ఓపిక లేక నవ్వి ఊరుకునేవాడు. మావ పోయాక అత్త మళ్ళీ దేనికీ బోణీ చెయ్యలేదు. పిలిచినా వెనక్కి వెళ్ళి నిలబడేది.

మొన్న పలాసలో మందస పెద్దాయన నవ్వుకుంటూ బయటికొచ్చి, అంతా బాగానే ఉందన్నారమ్మా అని నాకు మళ్ళీ దండం పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత నేను వెళ్ళాను. స్కాన్ చేస్తున్న అబ్బాయి మొదట్లో కబుర్లు చెబుతూ ఉన్నవాడు ఒకచోట ఆగి, అక్కడే మళ్ళీ మళ్ళీ చూసి, పాత రిపోర్టులేమైనా ఉన్నాయా మేడమ్ అని గొంతు తగ్గించి అడిగాడు. డాక్టరమ్మ వచ్చి తెర నావైపు తిప్పింది. రెండూ కాస్త కుంచించుకున్నట్టున్నాయి, రక్తపరీక్ష కూడా చేయిద్దాం అంది. నేను ఆవిడ వేలు చూపించినచోట చూడకుండా, అలవాటుకొద్దీ మూత్రపు సంచి అడుగున వెతికాను. అక్కడ ఏ ముద్దా లేదు. పైన నా పేరు ఉంది, వయసు సరిగ్గా ఉంది.

మా రోజుల్లో యంత్రం ఏదైనా చెబితే, ఎక్కడో ఏ అంకో తిరగబడి ఉంటుందిలే అనుకోవడానికి కాస్త చోటుండేది. ఆ చోటు లేకుండా చెయ్యడానికే నేను అందరితో పోట్లాడాను, నాలాంటివాళ్ళు ఇంకెందరో పోట్లాడి ఉంటారు, ఇప్పుడు ఎక్కడ చూసినా అరవై నాలుగు బిట్లే. ఎన్ని బొమ్మలు తీసినా, ఎంతమంది పడుకున్నా, మనుషులు బతికుండగా ఆ అంకె సున్నాకి తిరిగి రాదు. ఎందుకు చూశావే అన్న అత్త మాట ఆ గదిలో మళ్ళీ వినబడినట్టయింది. తెరమీదున్న బొమ్మ నాదే, ఇంకెవరిదీ కాదు. కౌంటరు దగ్గరి అమ్మాయి రిపోర్టు చేతికిస్తే మాట్లాడకుండా మడిచి సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను.